చెక్కుబంది

ఆదోనిలో బడులు తెరిచిన వారం.
శేషఫణి పుస్తకాల అంగడి ముందర
చెప్పుల మీద చెప్పులు.
తల్లుల సందున, సంచుల సందున
కుడిచేతిని ఎడంచేత్తో మోసుకుంటా
నేనూ నిలబడినాను.

"ఎన్నో తరగతప్పా?"
అంగడి పిల్లోడు తలెత్తకుండానే అడిగినాడు.
"ఒకటి" అన్నాను.
అబద్ధమేం కాదు గదా.

ముప్పైయొక్క ఏండ్లు
రిజిస్ట్రాఫీసు ఎదురుగా, రేకుల కింద,
గీత లేని స్టాంపు కాగితం మీద
గీత గీసినట్టు రాసినోణ్ణి.
"శుద్ధ క్రయ దస్తావేజు" అని ఎత్తుకుంటే
ఆఖరు సాక్షి సంతకం దాకా
ఒక్క వరసా వంగేది కాదు.
దూదేకుల హుసేనప్ప రాత అంటే
ప్లీడర్లు అద్దాలు తీసి పక్కన పెట్టి చదివేవాళ్ళు.

మాఘంలో ఒక తెల్లవారి
చెయ్యి నిద్ర లేవలేదు.

ఉగాది ముందర, బ్యాంకులో,
గుమాస్తా నా ఎడమ బొటనవేలు పట్టుకొని
ప్యాడు మీద అదిమి, కాగితం మీద దొర్లించినాడు.
ఎన్ని వేళ్ళను నేనట్ల పట్టుకున్నానో!
కందికట్టె లాంటివి, సున్నం తిన్నవి.
"గట్టిగా అదమొద్దు పెద్దమ్మా, అలుక్కుంటుంది" అని చెప్పుకుంటా.
పట్టుకునేది తెలుసు.
పట్టించుకునేది ఆ పొద్దే తెలిసింది.

పిల్లోడు బల్ల మీద పరిచినాడు.
తెల్లకాగితం: వద్దు నాయనా,
పొద్దుగూకినాక బీడులో నడిచినట్టుంటుంది.
సింగిల్ రూళ్ళు: నేల ఉంది, కప్పు లేదు.
నా ఎడంచేతి 'అ' ఎంతెత్తు లేస్తుందో నాకే తెలీదు.
నాలుగు గీతలు,
రెండు ఎర్రవి, రెండు నీలివి.
నాలుగు హద్దులూ ఉన్నాయని ఆశపడినాను.
కానీ అది ఇంగ్లీషుకు కట్టిన ఇల్లు.
మన అక్షరం
నెత్తిన గుడి, కింద వత్తు,
కొన్నిటికి వత్తు కింద ఇంకో వత్తు,
గంప ఎత్తుకొని, చంకన బిడ్డను పెట్టుకొని వచ్చిన మనిషి.
ఆ మూడు అరల్లో యాడ దిగుతుంది?

డబుల్ రూళ్ళు తీయమన్నాను.
"సన్నవా, వెడల్పువా?"
వెడల్పువి.
గీత మరీ పలచన. నా కంట్లో పొర ఉంది, కనపడదు. ఇంకోటి.
గీత చిక్కన, కాగితం నున్నన.
వేలితో రుద్దినాను. జారింది.

ఎడంచెయ్యి రాసుకుంటా రాసుకుంటా
తను రాసిన దాని మీదే నడుస్తుందప్పా.
సిరా గబుక్కున తాగే కాగితం కావల్ల,
గరుకుది, రేటు తక్కువది.

వెనక నుంచి ఎవరో "తాతా, జల్దీ" అనింది.
పిల్లోడు మొదటిసారి నా చెయ్యి చూసినాడు.
నిచ్చెనెక్కి, అటక మీది నుంచి
పోయినేటి సరుకు దించినాడు.
అంచులు పసుపెక్కినాయి.
మిల్లు పక్క అంగడి గదా,
దూదిపోగు ఒకటి అట్టకు అంటుకొనే ఉంది.
ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
రికార్డు రూము వాసన.
ఇదే. మూడు ఇయ్యి.

"పాపకా, బాబుకా? పేరు రాసియ్యనా?"
వద్దులే.

ఇంటికాడ, అరుగు మీద,
మా బీబమ్మ కాగితం కదలకుండా అదిమి పట్టుకుంటే
పేరుతోనే మొదలుపెట్టినాను.
'హు': కొమ్ము పైగీతను పొడిచింది.
'సే' తల తగిలి వంగింది.
'న' ఫరవాలేదు.
'ప్ప' కింది వత్తు
గీత దాటి, కింది వరసవాని పొలంలో
దిగబడింది.

ఇంత దానికే
అన్నదమ్ములు నా ముందర చెప్పులు తీసుకున్నారు,
రాళ్ళు నాటించుకున్నారు, కోర్టు మెట్లు అరగదీసినారు.
నేనైతే, కింది వరసా నాదే గదా అని
కలం ఎత్తి, ఊది, ఆరబెట్టుకున్నాను.

ఊరందరికీ రాసినోని పెండ్లాం.
ముప్పై ఏండ్లుగా
ఆమె నిశానీ నేనే పట్టించినాను.

"ఈ కింది వరస నాకిడ్సు" అనింది,
కాగితం మీది నుంచి
చెయ్యి తీయకుండానే.